సత్రం లాంటి సర్వర్

ఫస్టియర్‌లో నాకు ల్యాప్‌టాప్ లేదు. సి ల్యాబ్ వారానికి రెండుసార్లు. ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం. మిగిలిన రోజుల్లో ప్రాక్టీసంతా నోట్‌బుక్కులో పెన్నుతోనే. సెమికోలన్ మర్చిపోతే పెన్ను ఎర్రర్ చూపించదు కదా!

ఒకరోజు రాత్రి మా హాస్టల్ సీనియర్ అన్న ఒకడు నా ఫోన్ తీసుకుని, అందులో టెర్మినల్ యాప్ వేసి, ఎక్కడో ఉన్న ఒక మెషీనులోకి లాగిన్ చేయించాడు. నల్లటి తెర, ఒక డాలర్ గుర్తు, పక్కన మినుకుమినుకుమంటూ కర్సర్.

"ఇది అమెరికాలో ఉన్న మెషీన్ రా. నీకూ అందులో ఒక గది ఇచ్చారు. పైసా కట్టక్కర్లేదు. మంచిగా వాడుకో" అన్నాడు.

"ఊరికే ఎందుకిస్తారన్నా? వాళ్లకేంటి లాభం?" అని అడిగాను.

"నువ్వే ఒకటి నడిపి చూడు, తెలుస్తుంది" అని నవ్వి వెళ్లిపోయాడు.

రెండేళ్ల తర్వాత మేం నలుగురం కలిసి నిజంగానే ఒకటి నడిపాం. అది పదకొండో రోజునే పడిపోయింది. ఎందుకు పడిందో, మళ్లీ ఎలా లేచిందో చెప్పే ముందు అసలు ఈ ఉచిత షెల్ సర్వర్ల సంగతేమిటో మొదటి నుంచి చూద్దాం.

షెల్ అకౌంట్ అంటే?

షెల్ అంటే మనం టైప్ చేసిన కమాండ్‌ను చదివి, కెర్నెల్ చేత ఆ పని చేయించే ప్రోగ్రాం. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో రెండు మార్కుల ప్రశ్న ఇది. షెల్ అకౌంట్ అంటే ఇంకొంచెం ఎక్కువ. వేరేవాళ్ల మెషీనులో మన పేరు మీద ఒక యూజర్ ఐడీ, ఒక హోమ్ డైరెక్టరీ, ప్రోగ్రాములు నడుపుకునే హక్కు. మన గదిలో మనం ఉంటాం. పక్క గదుల్లో ఇంకా వందలమంది ఉంటారు. ప్రాసెసర్, మెమరీ, డిస్కు మాత్రం అందరికీ ఉమ్మడి. పాతకాలం సత్రం లాంటిదన్నమాట. గది వేరు, బావి ఒకటే.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టిన రోజుల్లో మనిషికో కంప్యూటర్ ఇచ్చే స్తోమత ఎవరికీ లేదు. ఒకే మెషీన్‌ను అనేకమంది పంచుకోవాల్సిందే. అందుకే ఫైలుకో యజమాని, ప్రాసెస్‌కో యజమాని, చదవడానికీ రాయడానికీ నడపడానికీ వేరువేరు అనుమతులు అనే ఏర్పాటు యూనిక్స్ పునాదిలోనే ఉంది. మనం ల్యాబ్‌లో బట్టీ పట్టే సీహెచ్‌మోడ్ 755 వెనక ఉన్న అసలు అవసరం ఇదే. సొంత ల్యాప్‌టాప్‌లో ఒక్కడివే ఉన్నప్పుడు ఆ మూడంకెలు ఎందుకో అర్థం కాదు. వందమంది ఉన్న మెషీనులో మొదటి రోజే అర్థమైపోతుంది.

తలుపులు తెరిచినవాళ్లు

మొదట్లో యూనిక్స్ యూనివర్సిటీల్లో, పెద్ద కంపెనీల్లో మాత్రమే ఉండేది. మామూలు మనిషికి అందేది కాదు. 1983లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్ ఊళ్లో ఎమ్-నెట్ అనే వ్యవస్థ మొదలైంది. ఇంట్లో మోడెమ్ ఉన్న ఎవరైనా ఫోన్ చేసి యూనిక్స్‌లోకి రావచ్చు. జనానికి తలుపు తెరిచిన తొలి యూనిక్స్ వ్యవస్థల్లో అదొకటి. 1991లో అదే ఊళ్లో గ్రెక్స్ వచ్చింది. లాటిన్‌లో గ్రెక్స్ అంటే మంద. పేరుకు తగ్గట్టే అది నడిపేవాళ్లందరిదీ. సభ్యులు నెలకు 6 డాలర్ల చందా కట్టేవారు, ఓటేసి పాలకమండలిని ఎన్నుకునేవారు, జీతం లేకుండా పనిచేసేవారు. చందా కట్టనివాళ్లు కూడా వచ్చి ఉచితంగా వాడుకునేవారు.

ఇంకొకటి ఎస్‌డీఎఫ్. 1987లో ఒక యాపిల్ టూ-ఈ కంప్యూటర్ మీద, జపాన్ యానిమే అభిమానుల బులెటిన్ బోర్డుగా మొదలైంది. పేరు కూడా మాక్రాస్ అనే సిరీస్‌లోని అంతరిక్ష నౌకదే. తర్వాత యూనిక్స్‌కు మారింది. ఇప్పుడు నెట్‌బీఎస్‌డీ మీద నడుస్తోంది. మన నాన్నలు కాలేజీలో ఉన్నప్పుడు పుట్టిన సర్వర్‌లో ఇవాళ మనం అకౌంట్ తీసుకోవచ్చు.

2014లో పాల్ ఫోర్డ్ అనే అమెరికన్ రచయిత, ప్రోగ్రామర్ క్లౌడ్‌లో ఒక చిన్న మెషీన్ అద్దెకు తీసుకుని, ఎవరికి కావాలంటే వాళ్లకు అకౌంట్ ఇస్తానని ఒక రాత్రి ట్విటర్‌లో అన్నాడు. అదే టిల్డ క్లబ్. సరదాగా అన్న మాటకు జనం ఎగబడ్డారు. అకౌంట్ల కోసం క్యూ కట్టారు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న రోజుల్లో కూడా, నల్ల తెర మీద నలుగురితో కలిసి ఉండే చోటు కోసం అంత ఆకలి ఉందన్నమాట. దాన్ని చూసి తర్వాత చాలామంది సొంత టిల్డ సర్వర్లు పెట్టుకున్నారు.

లోపలికి రానిచ్చాక అసలు పరీక్ష

మామూలు వెబ్ సర్వర్‌కీ షెల్ సర్వర్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. వెబ్ సర్వర్ నడిపేవాడు దొంగ లోపలికి రాకుండా చూసుకుంటాడు. షెల్ సర్వర్ నడిపేవాడు తనకు తెలియని మనిషిని తనే లోపలికి పిలిచి, కంపైలర్ చేతికిస్తాడు. అందుకే ఇక్కడి జాగ్రత్తలు వేరు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, ప్రాసెస్‌ల లెక్క. ఫోర్క్ కాల్ గురించి మనందరం చదివాం. తనను తాను రెండుసార్లు పిలుచుకునే ఒక చిన్న షెల్ ఫంక్షన్ రాస్తే ప్రాసెస్‌లు రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరిగి నిమిషం తిరక్కుండా మెషీన్ బిగుసుకుపోతుంది. దీన్నే ఫోర్క్ బాంబ్ అంటారు. ఖాళీలతో కలిపి 13 గుర్తుల్లో రాసేయొచ్చు. కావాలని వేసేవాళ్ల కంటే, ల్యాబ్ ప్రోగ్రాంలో ఫోర్క్‌ను లూప్ లోపల పెట్టి పొరపాటున వేసేవాళ్లే ఎక్కువ. మందు సులువే. ఒక్కో యూజర్‌కు ఇన్ని ప్రాసెస్‌లే అని పరిమితి పెట్టాలి. లైనక్స్‌లో సీగ్రూప్స్ వాడితే మెమరీకీ, ప్రాసెసర్ సమయానికీ కూడా మనిషి వారీగా హద్దు పెట్టొచ్చు.

రెండోది, డిస్కు. కోటా పెట్టాలని అందరికీ తెలుసు. కానీ కోటా రెండు రకాలు. ఎన్ని మెగాబైట్లు అన్నది ఒకటి, ఎన్ని ఫైళ్లు అన్నది ఇంకొకటి. ఒక్కో ఫైలుకు ఒక ఐనోడ్ కావాలి. చాలా ఫైల్‌సిస్టమ్‌లలో ఐనోడ్ల సంఖ్య ముందే నిర్ణయమై ఉంటుంది. ఎవరైనా లక్షల కొద్దీ ఖాళీ ఫైళ్లు సృష్టిస్తే, డిస్కులో చోటు పుష్కలంగా ఉన్నా ఇంకెవరూ కొత్త ఫైలు పెట్టలేరు. కాబట్టి రెండు కోటాలూ ఉండాలి.

మూడోది, ఇరుగుపొరుగు కళ్లు. హోమ్ డైరెక్టరీకి 755 ఇస్తే పక్కవాడు మన ఫైళ్ల పేర్లన్నీ చూడగలడు. 711 ఇస్తే లోపలికి దారి ఉంటుంది కానీ జాబితా కనిపించదు. 700 ఇస్తే తలుపే తెరుచుకోదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పీఎస్ కమాండ్‌ను తగిన ఆప్షన్లతో కొడితే మామూలుగా అందరి ప్రాసెస్‌లూ, వాళ్లు టైప్ చేసిన పూర్తి కమాండ్‌తో సహా కనిపిస్తాయి. కమాండ్‌లోనే పాస్‌వర్డ్ రాసే అలవాటుంటే అది ఊరందరికీ చదివి వినిపించినట్టే. ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌ను హైడ్‌పిడ్ ఆప్షన్‌తో మౌంట్ చేస్తే ఎవరి ప్రాసెస్‌లు వాళ్లకే కనిపిస్తాయి.

నాలుగోది, లోపలి కన్నాలు. 2016లో డర్టీ కౌ అనే కెర్నెల్ లోపం బయటపడింది. అప్పటికే తొమ్మిదేళ్లుగా ఉన్న లోపం అది. 2021లో సుడోలో ఒకటి, 2022లో పోల్‌కిట్‌లో ఒకటి బయటపడ్డాయి. ఈ మూడింటితోనూ మామూలు యూజర్ రూట్ అయిపోగలడు. ఒక్కడే వాడుకునే మెషీనులో ఇలాంటి అప్‌డేట్ వారం ఆగినా పెద్దగా ఏమీ కాకపోవచ్చు. షెల్ సర్వర్‌లో అలా కుదరదు, ఎందుకంటే కొత్తవాళ్లు అప్పటికే లోపల కూర్చుని ఉన్నారు. పరీక్షల ముందురోజైనా సరే, ఆ రోజు అప్‌డేట్ ఆ రోజే చేసి రీబూట్ చేయాలి.

అయిదోది అన్నిటికంటే పెద్దది, బయటికి వెళ్లే ట్రాఫిక్. మన మెషీన్ పాడైతే మన బాధ. మన మెషీన్ నుంచి ఇంకొకరి మెషీన్ మీద దాడి జరిగితే అది వేరే బాధ. ఉచిత షెల్ దొరికితే దుర్వినియోగం చేసేవాడు మొదట ప్రయత్నించేది స్పామ్ మెయిల్ పంపడం, వేరే సర్వర్ల పోర్టులు తట్టి చూడడం, క్రిప్టో మైనింగ్. గ్రెక్స్‌లో బయటి ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయ్యే సౌకర్యం పేరు నిర్ధారించుకున్న సభ్యులకు మాత్రమే ఉండేది. లోపల ఉన్నదంతా అందరిదీ, వీధిలోకి వెళ్లేటప్పుడు మాత్రం పేరు చెప్పి వెళ్లాలి. చాలా తెలివైన నియమం అది. ఈ రోజుల్లో కనీసం పోర్ట్ 25ను మూసేయడం, ఒక్కో యూజర్ బయటికి చేసే కనెక్షన్లను లెక్కబెట్టడం తప్పనిసరి.

మా పదకొండో రోజు

ఇదంతా ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

మేం నలుగురం నెలకు కొంత వేసుకుని ఒక చిన్న వర్చువల్ మెషీన్ అద్దెకు తీసుకున్నాం. క్లాస్ గ్రూపుల్లో మెసేజ్ పెట్టగానే మొదటి వారంలోనే నలభైమంది చేరారు. చాలామంది జూనియర్లే. ల్యాప్‌టాప్ లేనివాళ్లు, ఉన్నా అన్నయ్యతో పంచుకునేవాళ్లు. ఫోన్‌లో కూర్చుని సి ప్రోగ్రాములు కంపైల్ చేస్తుంటే చూడ్డానికి భలే సంబరంగా ఉండేది.

పదకొండో రోజు సాయంత్రం సర్వర్ అందకుండా పోయింది. హోస్టింగ్ వాళ్ల నుంచి మెయిల్. మీ మెషీన్ నుంచి వేరే సర్వర్ల మీద పాస్‌వర్డ్ ప్రయత్నాలు జరుగుతున్నాయి, నెట్‌వర్క్ ఆపేశాం, సమాధానం చెప్పండి అని.

ఎవడో జూనియర్ చేసి ఉంటాడని మొదట అనుకున్నాం. ఒకరిద్దరి పేర్లు కూడా అనుకున్నాం. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కన్సోల్‌లోంచి లాగ్‌లు తీసి చూస్తే అసలు విషయం తెలిసింది. మొదటిరోజు అకౌంట్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని నేనే 'టెస్ట్' అనే యూజర్‌ను పెట్టాను. పాస్‌వర్డ్ కూడా టెస్టే. తర్వాత తీసేయడం మర్చిపోయాను. ఇంటర్నెట్‌లో పోర్ట్ 22 తెరిచి ఉన్న ప్రతి మెషీన్ తలుపూ తట్టే బాట్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. వాటి జాబితాలో టెస్ట్ మొదటి వరసలో ఉండే పేరు.

అంతటితో అయిపోలేదు. ఒక సెకండియర్ చెల్లెలు మినీ ప్రాజెక్ట్ మొత్తం మా సర్వర్‌లోనే పెట్టుకుంది. మర్నాడే సబ్మిషన్. మా దగ్గర బ్యాకప్ లేదు. రాత్రంతా రెస్క్యూ మోడ్‌లో కుస్తీ పడి, తెల్లవారుజామున ఆమె ఫైళ్లు బయటికి తీశాం. కానీ వాటిని మార్చేసి ఉంటారేమోనని ఆమె ప్రతి ఫైలూ చదివి సరిచూసుకునేసరికి ఒకరోజు ఆలస్యమైంది. మార్కులు తగ్గాయి.

నేను వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. "ఫ్రీగా ఇచ్చింది కదన్నా, ఏమంటాం" అంది.

ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది. ఉచితంగా ఇచ్చినదానికి పూచీ ఉండదని ఆ అమ్మాయి అనుకుంది. అలా అనుకునేట్టు చేసింది మేమే. సత్రంలో అద్దె తీసుకోకపోవచ్చు. కప్పు కూలకుండా చూసే బాధ్యత మాత్రం సత్రం పెట్టినవాడిదే.

మెషీన్‌ను పూర్తిగా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాం. రూట్ దాకా వెళ్లాడో లేదో తెలియనప్పుడు శుభ్రం చేశామని నమ్మి నడపడం తప్పు. ఈసారి పాస్‌వర్డ్ లాగిన్ లేనే లేదు, కీ ఉంటేనే ప్రవేశం. ప్రతి రాత్రీ వేరే చోటికి బ్యాకప్, నెలకోసారి ఆ బ్యాకప్ నుంచి నిజంగా ఫైలు వెనక్కి వస్తోందో లేదో పరీక్ష.

తాళాలగుత్తి ఎవరి దగ్గర?

రూట్ యూజర్‌కు అనుమతులు అడ్డు రావు. 700 పెట్టినా చదవగలడు. అంటే నలభైమంది ఫైళ్లు, వాళ్ల షెల్ హిస్టరీ, ఏ రాత్రి ఎన్ని గంటలకు లాగిన్ అయ్యారో, అన్నీ మా నలుగురికీ కనిపిస్తాయి. చూడకుండా ఆపే కమాండ్ ఏదీ లేదు. అందుకని ఒక నియమం రాసుకుని, లాగిన్ అవగానే అందరికీ కనిపించేలా పెట్టాం. ఫిర్యాదో ప్రమాదమో ఉంటే తప్ప ఎవరి హోమ్ డైరెక్టరీ తెరవం. తెరిస్తే ఎందుకు తెరిచామో ఆ మనిషికి చెప్తాం. ఒక్కరే ఉన్నప్పుడు తెరవం, ఇద్దరం ఉండాలి.

సర్వర్‌లో మనం పెట్టే ఫైర్‌వాల్ కన్నా ఈ వాక్యాలు ఎక్కువ పనిచేశాయని నా అభిప్రాయం.

పేరు అడగాలా, వద్దా?

ఉచిత షెల్ నడిపే ప్రతివాళ్లకూ ఎదురయ్యే ప్రశ్న ఇది. గ్రెక్స్ ఇదే ప్రశ్న మీద కోర్టుకెక్కింది. 1999లో మిషిగన్ రాష్ట్రం, పిల్లలకు అశ్లీల సమాచారం ఇంటర్నెట్ ద్వారా అందించడాన్ని నేరంగా చేస్తూ ఒక చట్టం తెచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ చర్చావేదిక నడిపే చిన్న సంస్థ, చదవడానికొచ్చిన ప్రతివాడి వయసూ ఎలా తేల్చుకుంటుంది? ఆరోగ్యం గురించో సాహిత్యం గురించో పెద్దవాళ్లు మాట్లాడుకునే మాట కూడా ఆ వల్లో పడదా? గ్రెక్స్‌ను నడిపే లాభాపేక్ష లేని సంస్థ ప్రధాన వాదిగా నిలబడి రాష్ట్ర గవర్నర్ మీద కేసు వేసింది. చట్టం ఆగస్టు 1న అమల్లోకి రావాల్సి ఉండగా, జులై 29న ఫెడరల్ కోర్టు దాన్ని ఆపేసింది. 2000లో అప్పీలు కోర్టు కూడా ఆ ఉత్తర్వును సమర్థించింది. చందాల మీద బతికే ఒక షెల్ సర్వర్, రాష్ట్ర ప్రభుత్వం మీద గెలిచిన కథ ఇది.

ఎస్‌డీఎఫ్ మధ్యేమార్గం పట్టుకుంది. అకౌంట్ ఎవరైనా తీసుకోవచ్చు, మొదట కొన్ని సౌకర్యాలే ఉంటాయి. ఒక్క డాలర్ పంపితే మరికొన్ని తెరుచుకుంటాయి. 36 డాలర్లు కడితే జీవితకాల సభ్యత్వం. డాలర్ ఒక్కటే అయినా, పంపడానికి పడే కాస్త శ్రమే జల్లెడలా పనిచేస్తుంది. వెయ్యి దొంగ అకౌంట్లు సృష్టించేవాడు వెయ్యిసార్లు డాలర్ పంపడు కదా.

మన దేశంలో నడిపితే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, సంస్థలు లాగ్‌లను 180 రోజులు దాచాలి, పెద్ద భద్రతా ఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లోపు తెలియజేయాలి. మాది చిన్నది, మనకెందుకులే అనుకోకుండా, సర్వర్ తెరిచే ముందే ఫ్యాకల్టీ ఎవరితోనైనా కూర్చుని ఇవి చదువుకోవడం మంచిది. మేం ఆ పని రెండోసారి మొదలుపెట్టినప్పుడు చేశాం. మొదటిసారే చేయాల్సింది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే

మెషీన్ అద్దె పెద్ద ఖర్చు కాదు. ఖర్చయ్యేది సమయం. కాబట్టి ఒక్కరే దిగొద్దు, కనీసం ముగ్గురు ఉండండి. పదిమందితో మొదలుపెట్టండి. హద్దులు పెట్టాకే తలుపు తీయండి. మీరు పాసైపోయాక ఎవరు చూస్తారో ఇప్పుడే తేల్చుకోండి. కాలేజీ సర్వర్లు ఎక్కువగా చచ్చేది హ్యాకర్ల వల్ల కాదు, బ్యాచ్ వెళ్లిపోవడం వల్ల. మూసేయాల్సి వస్తే నెల ముందు చెప్పండి, ఎవరి ఫైళ్లు వాళ్లు తీసుకెళ్లనివ్వండి.

అంతకంటే ముందు, ఇప్పటికే ఉన్న ఒక ఉచిత సర్వర్‌లో అకౌంట్ తీసుకుని అతిథిగా కొన్నాళ్లు ఉండండి. వెళ్లగానే మూడు పనులు చేయండి. 'హూ' కమాండ్ కొట్టి ఇంకెవరెవరు ఉన్నారో చూడండి. టెంప్ డైరెక్టరీ అనుమతులు చూడండి. చివర ఒక 'టీ' కనిపిస్తుంది. అందరూ రాయగలిగే చోట కూడా ఎవరి ఫైలు వాళ్లే చెరపగలిగేలా చేసే స్టిక్కీ బిట్ అది. తర్వాత యూలిమిట్ కొట్టి మీకెన్ని ప్రాసెస్‌లు ఇచ్చారో చూడండి. ఆ అంకె వెనక ఎవరో ఒక రాత్రి నిద్ర పోగొట్టుకుని ఉంటారు.

మా సర్వర్ ఇప్పుడు నడుస్తోంది. తాళాలగుత్తిలో ఒకటి ఆ మినీ ప్రాజెక్ట్ చెల్లెలి చేతిలో ఉంది. తనే అడిగి తీసుకుంది. మొన్న ఒక ఫస్టియర్ కుర్రాడు ఫోన్‌లో మొదటి ప్రోగ్రాం నడిపి, ఊరికే ఎందుకిస్తున్నారని తనను అడిగాడట.

"బ్యాకప్ ఎలా తీస్తారో నేర్పిస్తా రా, అప్పుడు తెలుస్తుంది" అని కూర్చోబెట్టిందట.